ట్యాబ్‌కి రివ్యూ రాశాం సరే.. అందులోని పాఠానికి ఎవరు రాస్తారు?

ఫ్రెండ్స్, ఈ సైట్‌లో నా రివ్యూలు ఎలా ఉంటాయో మీకు తెలుసు. బాక్స్ ఓపెన్ చేస్తా. ఎండలో స్క్రీన్ కనిపిస్తోందా, బ్యాటరీ ఎన్ని గంటలొచ్చింది, గేమ్ ఆడితే వెనకాల ఎంత వేడెక్కింది.. అన్నీ చూసి కొనొచ్చో లేదో చెప్తా. ఈసారి చేతిలో కొత్త ఫోనేమీ లేదు. ఫోన్లో, ట్యాబ్‌లో, క్లాసు గోడకున్న పెద్ద స్క్రీన్ మీద ప్లే అయ్యే పాఠాన్ని రివ్యూ చేశా. ఎందుకంటే ఆ విషయంలో నేనే ఒక తప్పు చేశా.

మాది మదనపల్లె. మా అక్క పుంగనూరు దగ్గర ఒక హైస్కూల్లో సోషల్ టీచర్. ఒకరోజు సాయంత్రం ఫోన్ చేసి, "రేయ్, రేపు ఆరో తరగతికి రుతువుల పాఠం చెప్పాల. మంచి వీడియో ఏదన్నా ఉంటే పంపించు. నువ్వు రోజంతా నెట్‌లోనే ఉంటావు కదా" అంది. ఐదు నిమిషాల్లో పంపేశా. తెలుగు వాయిస్, నీట్ యానిమేషన్, ఫుల్ హెచ్‌డీ, లక్షల్లో వ్యూస్. నేను చూసింది మొదటి నిమిషం మాత్రమే.

వారం తర్వాత మళ్లీ ఫోన్. "ఏం నాయనా, ఎట్లాంటి వీడియో పంపించినావు? టెస్ట్ పెడితే సగానికి పైగా పిలకాయలు తప్పు రాసినారు. భూమి సూర్యుడికి దగ్గరైతే ఎండాకాలం, దూరమైతే చలికాలం అని రాసినారు. నేను ఆరోజు రిజిస్టర్లు రాసుకుంటా పూర్తిగా చూడలేదు. ఇప్పుడు దాన్ని వాళ్ల తలలోనుంచి తీసేది ఎట్ల?"

వీడియో మళ్లీ చూశా. మూడో నిమిషంలో అదే మాట ఉంది, చక్కటి బొమ్మతో సహా. భూమి సూర్యుడి దగ్గరికి వస్తుంది, స్క్రీన్ ఎర్రగా మారుతుంది. దూరం వెళ్తుంది, మంచు కురుస్తుంది. అంత బాగా చూపించడం వల్లే పిల్లలకు అంత బాగా గుర్తుండిపోయింది.

ఆ వీడియోలో తప్పేంటి?

భూమి సూర్యుడికి అన్నిటికంటే దగ్గరగా ఉండేది జనవరి మొదటి వారంలో. అప్పుడు దూరం సుమారు 14.7 కోట్ల కిలోమీటర్లు. అన్నిటికంటే దూరంగా ఉండేది జులై మొదట్లో, సుమారు 15.2 కోట్ల కిలోమీటర్లు. మరి జనవరిలో మదనపల్లెలో ఏం చేస్తాం? తెల్లారి స్వెటర్ వేసుకుని టీ అంగడి దగ్గర నిలబడతాం. దూరమే కారణమైతే అప్పుడు ఉడికిపోవాలి కదా.

ఇంకో రుజువు మన టీవీలోనే ఉంది. మన టీమ్ డిసెంబర్‌లో ఆస్ట్రేలియా వెళ్లి బాక్సింగ్ డే టెస్ట్ ఆడితే, అక్కడ జనం టోపీలు పెట్టుకుని, సన్‌స్క్రీన్ పూసుకుని కూర్చుంటారు. ఇక్కడ మనం దుప్పటి కప్పుకుని ఆ మ్యాచ్ చూస్తాం. భూమి ఒకటే, దూరం ఒకటే, కాలాలు వేరు. అసలు కారణం భూమి అక్షం సుమారు 23.5 డిగ్రీలు వంగి ఉండటం. ఏ సగం సూర్యుడి వైపు వాలి ఉంటే ఆ సగంలో కిరణాలు నిటారుగా పడతాయి, పగలు కూడా ఎక్కువసేపు ఉంటుంది. అదే ఎండాకాలం.

ఇదంతా నాకు తెలియక కాదు. ఫోన్‌కి బెంచ్‌మార్క్ రన్ చేయకుండా మార్కులు వేయని నేను, ముప్పై నలభై మంది పిల్లల ముందుకు వెళ్లే పాఠాన్ని వ్యూస్ చూసి పాస్ చేసేశా. ఫోన్ బాగోలేకపోతే అమ్మేస్తాం. పిల్లాడి తలలోకి వెళ్లిన తప్పుకి ఎక్స్ఛేంజ్ ఆఫర్ లేదు.

అందుకే తర్వాతి రెండు నెలలు వీలైన ప్రతి శనివారం ఇదే పని పెట్టుకున్నా. అక్క క్లాసులో కొన్ని, కుప్పం దగ్గర టీచర్‌గా ఉన్న ఒక ఫ్రెండ్ క్లాసులో కొన్ని టెస్ట్ చేశాం.

ముందు వెతకడం దగ్గరే సగం పని

మనం పాఠం పేరుని ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగులా టైప్ చేసి వెతుకుతాం. అలా చేస్తే పైకి వచ్చేవి ఎక్కువ మంది చూసినవి, మంచివి కాదు. దానికి బదులు పాఠ్యపుస్తకంలో ఉన్న మాటనే తెలుగు లిపిలో, కోట్స్ మధ్య పెట్టి వెతకండి. "అక్షం వంపు", "కిరణజన్య సంయోగక్రియ" లాంటివి. రిజల్ట్స్ తగ్గుతాయి, కానీ పనికొచ్చేవి దొరుకుతాయి.

ఇక్కడ ఒక టెక్నికల్ చిక్కు ఉంది. ఒకప్పుడు తెలుగులో టైప్ చేసిన మెటీరియల్ చాలావరకు యూనికోడ్‌లో లేదు. అను ఫాంట్స్ లాంటి వాటితో పేజ్‌మేకర్‌లో చేసి పీడీఎఫ్ పెట్టేవాళ్లు. కంటికి చక్కటి తెలుగు కనిపిస్తుంది. కాపీ చేసి పేస్ట్ చేస్తే పిచ్చి గుర్తులు వస్తాయి. సెర్చ్ ఇంజిన్‌కి కనిపించేవి కూడా ఆ గుర్తులే. అంటే మంచి టీచర్లు రాసిన నోట్స్ నెట్‌లో ఉండి కూడా లేనట్టే. అలాంటివి గూగుల్‌లో కాదు, సీనియర్ టీచర్ల పెన్‌డ్రైవ్‌లలో దొరుకుతాయి. మా అక్కకి పనికొచ్చిన మ్యాప్ వర్క్‌షీట్లు అలా వచ్చినవే.

సెర్చ్‌తో పని లేకుండా నేరుగా వెళ్లగలిగిన చోట్లు మూడు చెప్తా.

దీక్ష: 2017 సెప్టెంబర్ 5న మొదలైన జాతీయ ప్లాట్‌ఫామ్. పాఠ్యపుస్తకంలో ఉన్న క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే ఆ పాఠానికి సంబంధించిన కంటెంట్‌కి వెళ్తుంది. పుస్తకం నలిగి కోడ్ స్కాన్ కాకపోతే, దాని కింద ఉండే ఆరు అక్షరాల కోడ్ టైప్ చేసినా చాలు. యాప్‌లో డౌన్‌లోడ్ చేసుకుని నెట్ లేకుండా చూడొచ్చు.

ఫెట్: ఫిజిక్స్ నోబెల్ గ్రహీత కార్ల్ వైమన్ 2002లో అమెరికాలోని కొలరాడో యూనివర్సిటీలో మొదలుపెట్టిన సిమ్యులేషన్లు. చాలావరకు ఒక్కో సిమ్యులేషన్‌ని ఒకే ఫైల్‌గా దించుకుని నెట్ లేకుండా బ్రౌజర్‌లో నడపొచ్చు. కొన్నిటికి తెలుగు అనువాదాలు కూడా ఉన్నాయి.

స్టోరీవీవర్: ప్రథమ్ బుక్స్ 2015లో తెచ్చిన పిల్లల కథల వేదిక. తెలుగు కథలు లెవెల్స్ వారీగా ఉంటాయి. క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కాబట్టి డౌన్‌లోడ్, ప్రింట్, అనువాదం అన్నీ చేసుకోవచ్చు.

మంచి చోటు తెలిసింది కదా అని అక్కడున్నదంతా మంచిదే అనుకోవద్దు. యాప్ స్టోర్ ఒకటే అయినా అన్ని యాప్‌లూ ఒకటి కాదు కదా. టెస్ట్ తప్పదు. ఆ టెస్ట్ ఎలా ఉండాలో నాకు తట్టింది మాత్రం మా ఊరి పక్కనే.

మదనపల్లె: కార్డుల దగ్గర నేర్చుకున్నది

మదనపల్లె దగ్గరే రిషి వ్యాలీ ఉందని అందరికీ తెలుసు. అందులోని గ్రామీణ విద్యా విభాగం 'రివర్' చేసిన పని గురించి మన ఏజ్ వాళ్లలో తక్కువ మందికి తెలుసు. 1980ల చివర్లో పద్మనాభరావు, రమ దంపతులు చుట్టుపక్కల పల్లె బడుల కోసం ఒక పద్ధతి తయారు చేశారు. ఒకే గదిలో ఒకటి నుంచి ఐదో తరగతి దాకా పిల్లలు, ఒకే టీచర్. పాఠ్యపుస్తకంతో అక్కడ పని జరగదు. అందుకని పాఠాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టారు. గోడ మీద 'నిచ్చెన' చార్ట్ ఉంటుంది. పిల్ల తాను ఏ మెట్టు మీద ఉందో చూసుకుంటుంది, ఆ గుర్తున్న కార్డు ట్రేలోంచి తీసుకుంటుంది, పని చేస్తుంది, తర్వాతి మెట్టుకి వెళ్తుంది. పరిచయం చేసే కార్డు, సాధన కార్డు, పరీక్షించే కార్డు, రాకపోతే మళ్లీ నేర్పే కార్డు, వచ్చేస్తే ఇంకాస్త ముందుకు తీసుకెళ్లే కార్డు. 'స్కూల్ ఇన్ ఎ బాక్స్' అని దానికి పేరు.

గేమ్‌లో లెవెల్స్, ప్రోగ్రెస్ మ్యాప్ చూసి వావ్ అంటాం కదా. కరెంటు అక్కర్లేకుండా అదే పని అట్టముక్కలతో చేశారు.

నాకు ముఖ్యంగా నచ్చింది తర్వాత జరిగింది. 1995 ప్రాంతంలో మైసూరు జిల్లా హెచ్.డి.కోటె టీచర్లు వచ్చి ఈ పద్ధతి చూసి వెళ్లారు. కార్డులను కాపీ కొట్టలేదు. తమ కన్నడలో, తమ పిల్లలకు సరిపోయేలా తిరిగి తయారు చేసుకున్నారు. అదే 'నలి కలి' అయింది. 2003 నుంచి చెన్నై కార్పొరేషన్ బడులు కూడా ఇదే దారిలో నడిచాయి. అంటే మంచి మెటీరియల్‌కి రెండు గుర్తులు. పిల్ల చేతికి పని ఇస్తుంది. ఇంకో టీచర్ విప్పి, తనకు తగ్గట్టు మళ్లీ బిగించుకోగలుగుతుంది. ఈ రెండూ పట్టుకుని నా టెస్టులు రాసుకున్నా.

ఆరు టెస్టులు

1. జనవరి టెస్ట్. వీడియో ఓపెన్ చేయకముందే, ఈ పాఠంలో పిల్లలు మామూలుగా ఎక్కడ పొరబడతారో ఒక ప్రశ్న రాసుకోండి. రుతువులకైతే "జనవరిలో సూర్యుడు దగ్గర కదా, మరి చలెందుకు?" అన్నది. వీడియో ఆ ప్రశ్నకు జవాబు చెబితే పాస్. దాటేస్తే డౌట్. ఎదురు చెబితే డిలీట్. మొత్తం చూడాలి, మొదటి నిమిషం కాదు. నేను పంపిన వీడియో ఇక్కడే ఫెయిలైంది.

2. తారీఖు టెస్ట్. ఎప్పుడు చేశారు, ఎవరు చేశారు? మన రాష్ట్రంలో 13 జిల్లాలు 2022 ఏప్రిల్ 4న 26 అయ్యాయి. ఆరోజే మదనపల్లె చిత్తూరు జిల్లా నుంచి అన్నమయ్య జిల్లాకి మారింది, పుంగనూరు, కుప్పం అప్పుడు చిత్తూరులోనే ఉండిపోయాయి. పాత వీడియో వేస్తే మదనపల్లె పిల్లాడు తన జిల్లా పేరే తప్పు నేర్చుకుంటాడు. 2006కి ముందు చేసిన సౌరకుటుంబం చార్ట్‌లో ప్లూటో ఇంకా గ్రహమే.

3. చివరి బెంచీ టెస్ట్. మన ఫోన్లో అన్నీ క్లియర్‌గానే కనిపిస్తాయి. క్లాసులో స్క్రీన్ ఆన్ చేసి, ఫ్యాన్లు వేసి, కిటికీలు తెరిచి చివరి బెంచీలో కూర్చోండి. అక్షరాలు చదవగలిగారా? మాట వినపడిందా? అక్క క్లాసులో చూసిన వాటిలో బాగా ఆకట్టుకున్న గ్రాఫిక్స్ చాలావరకు ఇక్కడే పోయాయి. లేత బూడిద రంగు మీద తెల్ల అక్షరాలు డిజైనర్‌కి అందం, కిటికీ వెలుతురులో ఖాళీ గోడ.

4. ఎయిర్‌ప్లేన్ మోడ్ టెస్ట్. నెట్ ఆపేసి ఓపెన్ చేయండి. ఓపెన్ కాకపోతే పీరియడ్‌లో దాని మీద ఆధారపడొద్దు. హెచ్‌డీ వీడియో పది నిమిషాలకే వంద ఎంబీ దాటొచ్చు. టీచర్ సొంత డేటా ఖర్చవుతుంది, పైగా బఫరింగ్ తిరుగుతుంటే నలభై నిమిషాల క్లాసులో పది నిమిషాలు గోవిందా.

5. పాజ్ టెస్ట్. రెండు నిమిషాలకు ఆపి "తర్వాత ఏమవుతుంది?" అని అడగండి. పిల్లలు ఊహించి చెప్పగలిగేలా పాఠం నడుస్తోందా, లేక ఊరికే కళ్లప్పగించి చూస్తున్నారా? సిమ్యులేషన్ ఇక్కడ వీడియోని ఈజీగా ఓడిస్తుంది. వైరు తప్పుగా కలిపితే బల్బు వెలగదు, పిల్ల మళ్లీ కలుపుతుంది.

6. మ్యూట్ టెస్ట్. ఇది నేను కనిపెట్టింది కాదు, కుప్పంలో నేర్చుకున్నా. దాని గురించి విడిగా చెప్పాలి.

కుప్పం: మూడు భాషలు, ఒక పాత పాఠం

కుప్పం ఒకవైపు తమిళనాడు, ఇంకోవైపు కర్ణాటక. నా ఫ్రెండ్ క్లాసులో కొందరు పిల్లలు ఇంట్లో తమిళం మాట్లాడతారు, కొందరు కన్నడ. బడి తెలుగు వాళ్లకు రెండో భాష. పుస్తకంలో ఇంగ్లిష్ కూడా ఉంటుంది. ఇప్పుడు వీడియోలో యాంకర్ న్యూస్ చదివినట్టు గ్రాంథికం కలిపిన తెలుగులో దంచుతుంటే ఏం అర్థమవుతుంది? చెనిక్కాయలు తెలిసిన పిల్లలకు 'వేరుశనగ' అన్నా ఒక్క క్షణం ఆగాల్సిందే.

మావాడు చేసేది సింపుల్. వీడియో సౌండ్ తీసేస్తాడు. మూగబొమ్మగా ప్లే చేసి తనే చెప్తాడు, తెలుగులో మొదలుపెట్టి అవసరమైన చోట తమిళం కలుపుతూ. "సౌండ్ తీసేసినా విషయం అర్థమైతే అది వీడియోరా. సౌండ్ తీసేస్తే ఏమీ మిగలకపోతే అది రేడియో" అన్నాడు. అదే మ్యూట్ టెస్ట్. ఏఐ వాయిస్‌తో డబ్బింగ్ చేసిన వీడియోలకు ఇది మరీ అవసరం. వాటిలో కొన్నిట్లో బొమ్మ ఒకటి చూపిస్తే గొంతు ఇంకొకటి చెబుతోంది.

కుప్పానికి ఇంకో చరిత్ర కూడా ఉంది, గ్యాడ్జెట్ పిచ్చోళ్లంతా తెలుసుకోవాల్సింది. 2002 ఫిబ్రవరిలో, ఇంకా ఐఫోన్ పుట్టకముందే, హెచ్‌పీ కంపెనీ రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి ఇక్కడ 'ఐ-కమ్యూనిటీ' ప్రాజెక్టు మొదలుపెట్టింది. పల్లెల్లో కమ్యూనిటీ ఇన్ఫర్మేషన్ సెంటర్లు పెట్టారు. సోలార్‌తో నడిచే ప్రింటర్, డిజిటల్ కెమెరా పట్టుకుని ఊరి ఆడవాళ్లే ఫొటోగ్రాఫర్లుగా తిరిగారు. ప్రపంచమంతా కుప్పం గురించి మాట్లాడుకుంది. అది మూడేళ్ల ప్రాజెక్టు.

ఇరవై ఏళ్ల తర్వాత సీన్ చూడండి. 2022 డిసెంబర్ 21న రాష్ట్రంలో ఎనిమిదో తరగతి పిల్లలకు, వాళ్ల టీచర్లకు ట్యాబ్‌ల పంపిణీ మొదలైంది. మొత్తం 5 లక్షలకు పైగా శామ్‌సంగ్ ట్యాబ్‌లు. 8.7 అంగుళాల స్క్రీన్, 5100 ఎంఏహెచ్ బ్యాటరీ అని మాలాంటి వాళ్లం స్పెక్స్ లెక్కబెట్టాం. లోపల ముందే లోడ్ చేసిచ్చిన బైజూస్ పాఠాల గురించి మాలో ఎవరూ రివ్యూ రాయలేదు. 2024 జులైలో ఆ కంపెనీ మీద దివాలా ప్రక్రియ మొదలైంది. ఆ పాఠాలు మంచివా కాదా అన్నది వేరే చర్చ. నేననేది, కంపెనీ చేతిలో ఉన్న పాఠానికి ఆ కంపెనీ ఆయుష్షే ఆయుష్షు. లైసెన్స్ ఓపెన్‌గా ఉండి, ఫైల్ టీచర్ దగ్గర ఉంటే అది ఎటూ పోదు.

అదే కుప్పం దగ్గర గుడివంకలో అగస్త్య ఫౌండేషన్ క్యాంపస్ ఉంది. 1999లో మొదలైన ఈ సంస్థ సైన్స్ ప్రయోగాల సామాన్లను వ్యాన్లలో, బైకుల మీద బడులకు తీసుకెళ్తుంది. చవకగా దొరికే వస్తువులతో చేసిన మోడల్స్ ఎక్కువ. రిషి వ్యాలీ కార్డులు, అగస్త్య మోడల్స్ రెండిట్లో నాకు కనిపించిన కామన్ పాయింట్ ఒకటే. వస్తువు పిల్లల చేతుల్లో ఉంటుంది, టీచర్ పక్కన ఉంటుంది.

మళ్లీ పుంగనూరు: తప్పు దిద్దుకున్న రోజు

టెస్టులన్నీ పెట్టాక రుతువుల మీద ఒక వీడియో మిగిలింది. మాటలు లేని చిన్న యానిమేషన్. అక్షం వంపు ఎటూ మారకుండా భూమి చుట్టూ తిరుగుతుంది, అంతే. మొదటి వీడియో పక్కన పెడితే ఇది చాలా బోర్. కానీ జనవరి టెస్ట్ దగ్గర్నుంచి మ్యూట్ టెస్ట్ దాకా అన్నీ పాస్.

అక్క దాన్ని నేరుగా వేయలేదు. ముందు పాత తప్పునే బోర్డు మీద రాసి, "జనవరిలో మనకి చలెందుకు?" అని అడిగింది. క్లాసు రెండుగా చీలిపోయింది. తర్వాత గది కిటికీలు మూసి, బల్ల మధ్యలో ఒక ఎల్ఈడీ బల్బు వెలిగించింది. మా ప్రాంతంలో దేనికీ కరువున్నా టమాటాకి లేదు కదా. ఒక్కో టమాటాకి పుల్ల గుచ్చి, వంచి పట్టుకుని, పుల్ల పైకొన ఎప్పుడూ తలుపు వైపే చూసేలా బల్బు చుట్టూ తిరగమంది. టమాటా మీద పెన్నుతో రెండు చుక్కలు. పైది పుంగనూరు, కిందిది ఆస్ట్రేలియా.

నాలుగో బెంచీ పిల్ల ఒకతి సగం దూరం తిరిగి ఆగిపోయింది. "మేడమ్, ఇక్కడికొస్తే ఆస్ట్రేలియా మీద వెలుతురు ఎక్కువ పడతా ఉంది!" అని అరిచింది. ఆ తర్వాతే అక్క యానిమేషన్ వేసింది. వాళ్ల చేతిలో జరిగిందే స్క్రీన్ మీద కనపడేసరికి పిల్లలే వివరించడం మొదలుపెట్టారు.

రెండోసారి పెట్టిన టెస్ట్‌లో చాలామంది సరిగ్గా రాశారు. అందరూ కాదు. ఐదారుగురు ఇంకా "దగ్గరైతే ఎండ" అనే రాశారు. మొదట నాటుకున్నది అంత తేలిగ్గా పోదు. ఆ ఐదారు పేపర్లు నా ఖాతాలో రాసుకున్నా.

ఫైనల్ వెర్డిక్ట్

ఆన్‌లైన్ పాఠం కొనొచ్చా? డబ్బులు పెట్టినా పెట్టకపోయినా, ముందు పూర్తిగా చూడండి. పాఠానికి పాఠం టెస్ట్ చేయండి. ఒక్క పాఠానికి నాకు సగటున అరగంట పట్టింది. రోజుకు ఐదారు పీరియడ్లు చెప్పే టీచర్‌కి ఆ అరగంట ఉండదు. మనకుంటుంది. మీ ఇంట్లోనో వీధిలోనో ఒక టీచర్ ఉంటే లింక్ ఫార్వర్డ్ చేయడం కాదు, చూసి, టెస్ట్ చేసి, "మూడో నిమిషంలో ఆపక్కా" అని రాసి పంపండి. పాత ఫాంట్లలో ఉన్న నోట్స్ దొరికితే యూనికోడ్‌లోకి మార్చిపెట్టండి. ఈ పనికి కొత్త ప్రాసెసర్ అక్కర్లేదు.

చివరగా ఒక బోనస్. ఈ వెతుకులాటలో నాకు దొరికిన బెస్ట్ పాఠానికి స్క్రీనే అవసరం లేదు. మన పుంగనూరు అక్షాంశం దగ్గర ఏడాదిలో రెండుసార్లు, ఏప్రిల్ నెలాఖరులో ఒకసారి, ఆగస్టు మధ్యలో ఒకసారి, మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. నిటారుగా నాటిన కర్రకి నీడ మాయమవుతుంది. దీన్ని జీరో షాడో డే అంటారు. ఆస్ట్రనామికల్ సొసైటీ ఆఫ్ ఇండియా వాళ్లు దీని గురించిన సమాచారం ఆన్‌లైన్‌లో పెట్టారు. ఏప్రిల్‌లో బడికి సెలవులు వచ్చేస్తాయి. ఆగస్టులో బడి ఉంటుంది.

అక్కకి ఈసారి వీడియో పంపలేదు. తారీఖు పంపించా. "మబ్బు పడితే?" అని అడిగింది. "పడితే ఆరోజుకి టమాటాలే" అన్నా.